మా వీధికి దారి అడిగినావిడ

ఆ ఎండాకాలం మా వీధిలోంచి బస్సును తీసేశారు. అయ్యో పాపం అనకండి, ఊరికి మంచే జరిగింది. అంతకుముందు ఊరు మొత్తానికీ ఒకటే తీరు: ఒక బస్సు బయల్దేరితే కనబడ్డ సందులోకల్లా దూరి, ఎక్కడ తేలుతుందో, ఎప్పుడు తేలుతుందో డ్రైవరుకే తెలియకుండా తిరిగేది. ఆస్పత్రికని ఎక్కినవాళ్లు జబ్బు తగ్గాక చేరేవాళ్లని మా ఆయనే నవ్వేవాడు. ఆ ఏడు అదంతా మార్చేశారు. పెద్ద రోడ్ల మీద బస్సులకి వేరే దారి గీసి, ఒకదాని వెనక ఒకటి తిన్నగా నడిపారు. ఊరి మధ్య జంక్షన్లో దిగి మరో బస్సు మారితే ఎక్కడికైనా వెళ్లొచ్చు. మాలాంటి చిన్న వీధుల్ని మనుషులకి, సైకిళ్లకి వదిలేశారు. వెడల్పాటి కాలిబాటలు, మొక్కలు, మొక్కలు పెరిగేదాకా నీడకి పందిళ్లు. ఏ ఒక్కటీ కాదనను. నా గొడవల్లా ఒకటే, ఆ బస్సులో మా ఆయన ఉండేవాడు.

మా ఆయన కండక్టరు. నేను బట్టలు కుడతాను. ఇంటి ముందు గదే నా కొట్టు, కొట్టు ముందే స్టాపు. బోర్డు మీద ఆ స్టాపుకి నీళ్ల ట్యాంకు అనో ఏదో పేరుండేది గానీ మా ఆయన ఆ పేరు ఒక్కనాడూ పలికిన పాపాన పోలేదు. "కుట్టుకొట్టు, కుట్టుకొట్టు దిగేవాళ్లు రండి" అని సందు మొదట్లోంచే అరిచేవాడు. అలా అని అని జనానికీ అదే పేరైపోయింది.

బస్సు ఆగినంతసేపట్లోనే మా కాపురం జరిగేది. ఆయన మెట్టు మీద నిలబడి లోపలికి తొంగిచూసి, "మాస్టారూ, తిన్నావా?" అనేవాడు. కుట్టుపనివాళ్లని మాస్టారు అంటారు కదా, పెళ్లయిన కొత్తలో వెక్కిరింపుగా మొదలుపెట్టి, చివరికి నా పేరే మర్చిపోయాడు. గ్యాసు వచ్చిందా, ఇల్లుగలావిడ అద్దె సంగతి ఏమంది, కాలు నొప్పి తగ్గిందా, అన్నీ ఆ కాసేపట్లోనే. పోట్లాటలూ అంతే. ఒక ట్రిప్పులో మొదలైన తగువు ఇంకో ట్రిప్పుకి ముదిరేది. ఎక్కినవాళ్లు కూడా పక్షాలు పంచుకునేవాళ్లు. ఒకసారి ఎవరో పెద్దావిడ బస్సు దిగి, తిన్నగా నా దగ్గరికొచ్చి, "ఈసారికి వదిలెయ్యమ్మా, పొద్దుటినుంచీ మొహం వేలాడేసుకుని టికెట్లు కొడుతున్నాడు" అని చెప్పి మరీ వెళ్లింది. సాయంత్రం ఇంటికొచ్చాక మిగిలిన కబుర్లు. ఇంటికి ఎవరైనా వస్తే, "లోపలికి జరగండి, లోపల ఖాళీ ఉంది" అనేవాడు. ఆ నోరు అలాంటిది.

పనులు మొదలుకాకముందు ఇంజనీరమ్మ వచ్చింది. చిన్నపిల్ల, సైకిలు మీద వచ్చింది. సైకిల్ని నా గోడకి ఆనించి, సంచిలోంచి మ్యాపు తీసి నా కత్తిరింపు బల్ల మీద పరిచింది. ఓపిగ్గా చెప్పింది. నాకు మ్యాపులు రావు గానీ బట్ట మీద గీత తెలుసు, ఎక్కడ కత్తిరిస్తారో ఎక్కడ కలిపి కుడతారో బాగానే అర్థమైంది. మా వీధి కత్తిరించేసే వైపు పడింది. మరి కండక్టర్ల సంగతేమిటని అడిగాను. కొత్త బస్సుల్లో కార్డులు గీసే మిషన్లుంటాయనీ, ఎవరి ఉద్యోగమూ పోదనీ, జంక్షన్లో దారి చెప్పేవాళ్లు చాలామంది కావాలనీ అంది. ఇంక భయమేముందని నేనూ తల ఊపాను. వెళ్తూ వెళ్తూ ఆ అమ్మాయి మెచ్చుకోలుగా, "ఈ వీధి ఎంత ప్రశాంతంగా ఉంటుందంటే ఆంటీ, మీ మిషను చప్పుడు మీకే వినిపిస్తుంది" అంది. నేను కూడా పిచ్చిమొహంలా నవ్వాను.

స్టాపు పీకేసిన రోజు పెద్దగా ఏమీ జరగలేదు. బస్సు ఆగింది, ఇద్దరు ముగ్గురు దిగారు. ఆయన "వస్తా మాస్టారూ" అని, బస్సు పక్కన చేత్తో తట్టాడు. బస్సు కదిలింది. మర్నాటినుంచి తవ్వకాలు.

ఆయనకి ఆకుపచ్చ కోటు ఒకటి ఇచ్చి జంక్షన్లో పెద్ద గొడుగు కింద, తలుపంత మ్యాపు పక్కన నిలబెట్టారు. పని చెప్పడానికి తేలికే, అడిగినవాళ్లకి ఏ బస్సు ఎక్కాలో చెప్పాలి. కానీ అడగడానికి వచ్చేవాళ్లు అడిగి ఊరుకుంటారా? ఏళ్ల తరబడి కళ్లు మూసుకుని ఎక్కిన బస్సు లేకపోయేసరికి ఊరు ఊరంతా ఆయన మీద పడింది. ఆ కొత్త దారులన్నీ ఆయనే ఇంట్లో కూర్చుని గీసినట్టు తిట్టారు. ఆయన తిట్టినవాళ్లకీ నచ్చజెప్పి, తిట్టనివాళ్లకీ చెప్పి, వారం తిరక్కుండానే గొంతు పోగొట్టుకున్నాడు.

డాక్టరు గొంతులో లైటు వేసి చూసి, మాటలు తగ్గించమన్నాడట. డ్యూటీలో తగ్గించడం కుదరదు. అందుకని ఇంట్లో అస్సలు మాట్లాడొద్దన్నాడట. ఆ సంగతి కూడా మా ఆయన సైగలతోనే చెప్పాడు. నాకు జాలేసింది. ఉప్పునీళ్లు కాచి ఇచ్చేదాన్ని. అన్నం కావాలంటే ఒక వేలు, మంచినీళ్లకి రెండు వేళ్లు, చాలంటే అరచెయ్యి. మొదట్లో సరదాగానే ఉండేది. కావాలనే అర్థం కానట్టు నటించి, మంచినీళ్లంటే దిండు తెచ్చిచ్చేదాన్ని. ఆయన నవ్వలేక చేతులు జోడించేవాడు. ఊళ్లోవాళ్లకి మాటలు, నాకు సైగలు, ఏం చేస్తాం, నాలుగు రోజులే కదా అనుకున్నాను.

గొంతు బాగుపడింది. మాట మాత్రం తిరిగి రాలేదు.

వచ్చేవాడు, కాళ్లు కడుక్కునేవాడు, తినేవాడు. ఏమండీ ఇవాళ ఎలా జరిగింది అంటే "ఊఁ". ఇంకొంచెం వెయ్యనా అంటే "చాలు". గుచ్చి గుచ్చి అడిగితే, "పొద్దుటినుంచీ వాగి వాగి ఉన్నానోయ్, ఇవాళ్టికి వదిలెయ్" అనేవాడు. అందులో కోపమేమీ లేదు. కోపమైతే బాగుండేది, పోట్లాడుకునేవాళ్లం. మనిషి గోడకి ఆనుకుని కళ్లు మూసుకుంటే ఏమని పోట్లాడను? అందులోనూ ఇంట్లో ఉన్నది ఇద్దరమే, పిల్లలు లేరు. ఇద్దరిలో ఒకరు మానేస్తే రెండోవాళ్లూ మానేసినట్టే. ఇదే అలవాటైపోయి, ఇక ఈ ఇంట్లో ఎప్పటికీ ఎవరూ మాట్లాడరేమోనని నాకు నిజంగా భయం పట్టుకుంది. రోగమొస్తే మందుంటుంది, దీనికి ఎవరి దగ్గరికి వెళ్లాలి?

పగలు చూస్తే అదీ అంతే. తవ్వినన్నాళ్లూ దుమ్ము. బట్టలిచ్చేవాళ్లు లేరు, ఉన్న బట్టలు మురికి కాకుండా చూసుకోవడమే పని. తవ్వకాలయ్యాక వీధి అద్దంలా అయింది. మనుషులు హాయిగా నడుస్తున్నారు, సైకిళ్లు చప్పుడు లేకుండా పోతున్నాయి. కానీ బస్సు కోసం చూసేవాళ్లు వేరు, నడిచేవాళ్లు వేరు. బస్సు కోసం చూసేవాళ్లకి నా గడపే బల్ల. ఎండకి లోపలికి వచ్చేవాళ్లు, మంచినీళ్లు అడిగేవాళ్లు, పనేమీ లేకపోయినా ఈ గుడ్డ ఎక్కడ కొన్నారని అడిగేవాళ్లు. నడిచేవాళ్లు ఎందుకాగుతారు? వాళ్ల కాళ్లు వాళ్ల చేతిలోనే ఉంటాయి. ఇంజనీరమ్మ చెప్పినట్టే నా మిషను చప్పుడు నాకు వినిపించడం మొదలైంది.

బట్టలు తొడిగి చూసే బొమ్మ ఒకటుంది నా దగ్గర, మెడ దాకానే ఉంటుంది. దానితో మాట్లాడటం మొదలుపెట్టాను. "ఇదిగో, చేతులు వదులు చెయ్యమంది, మళ్లీ బిగించమంటుంది చూడు" అనేదాన్ని. అది ఉలకదు పలకదు. ఆ విషయంలో అదీ మా ఆయనా ఒకటే, కాకపోతే దానికి అన్నం పెట్టక్కర్లేదు.

అప్పుడు ఎదురుగా సైకిళ్లు బాగుచేసే ఆయన కొట్టు తెరిచాడు. ఒంటిచేత్తో చక్రం విప్పుతూ రెండో చేత్తో కథలు చెప్పే రకం. ఒక సీటుకి తొడుగు కుట్టించుకోవడానికి నా దగ్గరికొచ్చి నిలబడ్డాడు. ఒక మనిషి నా గడప మీద నిలబడి ఎన్నాళ్లయిందోనని నేనూ కావాలనే నెమ్మదిగా కుడుతున్నాను. మాటల్లో, జంక్షన్లో ఉండే ఆకుపచ్చ కోటాయన మీ ఆయనేనటగా అన్నాడు. అవునన్నాను. ఇక ఆయన ఆగలేదు. రోజూ ఆ పక్కగానే వస్తాడట, మా ఆయన మాటలు వినడానికే ఓ నిమిషం సైకిలు దిగుతాడట. తిట్టడానికి వచ్చినవాళ్లు కూడా నవ్వుతూ బస్సెక్కుతారట. ఎవరో పెద్దాయన, నా బస్సు నాకు కావాలి అని మొండికేస్తే, "మీ బస్సు రిటైరైంది తాతగారూ, మీరింకా కాలేదు, ఈ కొత్తదాన్ని మీరే దారిలో పెట్టాలి" అన్నాడట మా ఆయన. చుట్టూ ఉన్నవాళ్లు పడిపడి నవ్వారట.

"ఇంట్లో మీకు పొద్దే తెలీదేమోనండీ. అదృష్టవంతులు" అన్నాడు ఆయన.

సూది వేలిలోకి దిగింది. ఆ సీటు తొడుగు మీద ఇప్పటికీ చిన్న మరకుంటుంది. ఆయన వెళ్లిపోయాక ఒళ్లు మండిపోయింది నాకు. గొంతు నొప్పి, నోరు నొప్పి, వాగి వాగి ఉన్నాను, ఇవన్నీ నాకా? నేను ఇక్కడ ఒక పలకరింపుకి మొహం వాచిపోయి బొమ్మతో మాట్లాడుతుంటే, మా ఆయన అక్కడ దారే పోయేవాళ్లందరికీ కబుర్లు పంచిపెడుతున్నాడా?

మర్నాడు కొట్టు మూసేసి జంక్షన్‌కి వెళ్లాను. నలుగురిలో నిలబెట్టి కడిగేద్దామనే వెళ్లాను, అబద్ధమెందుకు. అక్కడ ఇంకా తవ్వకాలు అవుతున్నాయి. అందరూ ముక్కుకీ నోటికీ గుడ్డ కట్టుకున్నారు, నేనూ కట్టుకున్నాను. దారి అడిగేవాళ్ల వరస పొడుగ్గా ఉంది. వెళ్లి చివర నిలబడ్డాను.

వరస నెమ్మదిగా కదులుతుంటే ఆయన్ని చూశాను. అన్నాళ్లూ ఆయన్ని ఇంట్లోనే, గోడకి ఆనుకునే చూశాను కదా, ఇక్కడ మనిషే వేరు. మెడలో చెమట గుడ్డ, నిలబడ్డ చోట నిలబడకుండా తిరుగుతున్నాడు. ఆరుబయట నిలబడ్డవాళ్లని పట్టుకుని "లోపలికి జరగండి, లోపలికి జరగండి" అంటున్నాడు. లోపలేముంది, పైన ఆకాశమే. అయినా జరుగుతున్నారు. చూపులేని ఒకాయన వస్తే గొడుగు వదిలేసి, భుజం మీద చెయ్యి వేయించుకుని, బస్సు మెట్టు దాకా తీసుకెళ్లి, డ్రైవరుకి అప్పజెప్పి పరుగున వచ్చాడు. అప్పటిదాకా ఉన్న కోపంలోకి ఎక్కడినుంచో గర్వం వచ్చి కూర్చుంది. చూశారా, ఈయన మా ఆయన అని పక్కావిడతో చెప్పాలనిపించింది. చెప్పలేదు. ఇంకొంచెం దగ్గరయ్యేసరికి ఆయన కళ్ల కింద గుంటలు కూడా కనిపించాయి. ప్రతివాడితోనూ నవ్వుతున్నాడు, ఆ మనిషి అటు తిరగ్గానే నవ్వు దిగిపోతోంది, మళ్లీ తర్వాతి మనిషికి ఎత్తుకుంటున్నాడు.

నా వంతు వచ్చింది. ఏమండీ, ఈ దిక్కులేనిదానికి కూడా ఒక మాట పడెయ్యండి అందామని దారి పొడుగునా అనుకుంటూ వచ్చిన మాట నాలుక చివరే ఉంది. ఆయన వంగి నీళ్లు తాగి, మూత పెడుతూ, తలెత్తకుండానే అడిగాడు.

"చెప్పమ్మా, ఎక్కడికి?"

అమ్మా అన్నాడు. ఊళ్లో ఆడవాళ్లందరినీ అనే అమ్మా. మర్యాదగా, మెత్తగా అన్నాడు. తప్పేమీ లేదు. నాకు మాత్రం అనుకున్న మాటలన్నీ ఎగిరిపోయాయి. గొంతు గుర్తుపట్టలేదా అని అడక్కండి. నోటికి గుడ్డ, చుట్టూ బస్సుల రొద. అదీగాక ఆ నెలల్లో నా గొంతు ఆయన విన్నదెంత?

"కుట్టుకొట్టుకి ఎలా వెళ్లాలి?" అన్నాను.

ఆయన చెయ్యి మ్యాపు మీదికి వెళ్లింది. మా వీధి దగ్గర వేలు పెట్టాడు. మిగతావాళ్లకి టకటకా చెప్పినట్టు చెప్పలేదు, వేలు అక్కడే ఉంచి కాస్త ఆగాడు.

"ఆ స్టాపు లేదమ్మా ఇప్పుడు. అక్కడికి బస్సు లేదు" అన్నాడు మ్యాపునే చూస్తూ.

"మరెలా?"

"నడవాలి. ఆ మూలనుంచి తిన్నగా వెళ్లండి. దూరమనిపించదు, పందిళ్లు వేశారు. సైకిళ్ల బాట మీద మాత్రం నడవకండి." నా వెనక ఉన్నాయన అప్పటికే ముందుకు తోసుకొచ్చాడు. మా ఆయన అటు తిరుగుతూ, అలవాటుకొద్దీ, "చూసుకుని దిగండి" అన్నాడు.

నేను నేల మీదే నిలబడి ఉన్నాను. ఎక్కడినుంచి దిగను? అయినా కిందకి చూసి, ఒక మెట్టు దిగినట్టు అడుగు పక్కకి వేశాను.

ఇంటిదాకా నడిచాను. దారంతా ఏడుస్తూనే నడిచాను. ఒకటి మాత్రం ఒప్పుకోవాలి, ఏడుస్తూ నడవడానికి ఆ బాట చాలా బాగుంది. పాత రోడ్డు మీదైతే కళ్లు కనపడక ఏ లారీ కిందో పడేదాన్ని. ఇప్పుడు ఎవరూ అడ్డం రాలేదు, ఎవరూ హారన్ కొట్టలేదు. ఏమైందమ్మా అనీ ఎవరూ అడగలేదు. సైకిలు కొట్టాయన చెయ్యెత్తి పలకరించబోయి, నా మొహం చూసి చక్రం వైపు వంగిపోయాడు.

ఆ సాయంత్రం ఏమీ మాట్లాడకూడదనుకున్నాను. ఆయన వచ్చాడు, కాళ్లు కడుక్కున్నాడు. అన్నం వడ్డించాను. ఇంకొంచెం వెయ్యనా అని కూడా అడగలేదు. తిన్నాక చెయ్యి తుడుచుకుంటూ తుడుచుకుంటూ, గోడ దగ్గరికి వెళ్లబోయి ఆగాడు.

"ఇవాళ ఒకావిడ కుట్టుకొట్టు ఎటని అడిగింది."

నా చేతిలో గిన్నె ఉంది. దాన్ని కింద పెడితే చప్పుడవుతుందని అలాగే పట్టుకున్నాను. "ఏం చెప్పారు?" అన్నాను.

"నడవమన్నాను." తుడుచుకున్న గుడ్డ భుజాన వేసుకున్నాడు. "ఇన్నాళ్లలో ఆ పేరు ఎవరూ అడగలేదోయ్. ఆస్పత్రి అడుగుతారు, కోర్టు అడుగుతారు, రైల్వే స్టేషను అడుగుతారు. ఆవిడ ఆ పేరు అనేసరికి అన్నీ అక్కడ వదిలేసి, ఆవిడ వెనకాలే నడుచుకుంటూ ఇంటికొచ్చేద్దామా అనిపించింది."

ఆ ఎండాకాలం మొత్తం మీద ఆయన నాతో అన్న మాటలన్నీ కలిపినా అన్ని లేవు. నా కళ్లు మళ్లీ నిండిపోయాయి, అందుకని గిన్నె పట్టుకుని అటు తిరిగాను. అది నేనే అని చెప్పేస్తే పోయేది. కానీ చెబితే ఏమవుతుందో నాకు తెలుసు. సొంత పెళ్లాన్ని పోల్చుకోలేదని నొచ్చుకుంటాడు, తల కొట్టుకుంటాడు, ఆ నొచ్చుకోవడంతో మాట అక్కడికి ఆగిపోతుంది. నాకు నేనే అడ్డొచ్చినట్టవుతుంది.

"వచ్చిందా మరి? దారి తప్పలేదు కదా?" అని ఆయనే అడిగాడు.

"వచ్చింది" అన్నాను.

"ఏం కుట్టించుకోవాలట?"

"ఏమీ లేదు. ఊరికే వచ్చింది. కాసేపు కూర్చుంది."

ఆయన ఆశ్చర్యపోలేదు. నా మిషను ముందున్న స్టూలు లాక్కుని దాని మీద కూర్చున్నాడు. మొహం సరిగ్గా చూడలేదనీ, గొంతు మాత్రం బాగా అలిసిపోయినట్టుందనీ అన్నాడు. ఎలాంటి మనిషని అడిగాడు. నా వయసే ఉంటుందన్నాను. ఇంట్లో మాట్లాడే దిక్కు లేదట అన్నాను.

"మొగుడు లేడా?"

"ఉన్నాడట. మంచివాడేనట."

ఆయన బల్ల మీదున్న బాబిను తీసుకుని వేళ్ల మధ్య తిప్పుతూ కూర్చున్నాడు. దారం కాస్త ఊడింది, మళ్లీ చుట్టాడు. తర్వాత తల ఎత్తకుండానే అన్నాడు.

"మళ్లీ కనిపిస్తే నువ్వైనా పలకరించు మాస్టారూ. పాపం, ఎవరూ లేనట్టుంది."

"పలకరిస్తాను" అన్నాను.

మర్నాడు గుమ్మంలోకి వస్తూనే ఆవిడ వచ్చిందా అని అడిగాడు. వచ్చిందన్నాను. ఇక అది మొదలు. నాకు జిప్పు పాడైతే ఆవిడకి పాడైందని చెప్పేదాన్ని. నాకు మధ్యాహ్నం తోచకపోతే ఆవిడకి తోచలేదని చెప్పేదాన్ని. ఆవిడ ఏమందో విని, అలా అందా అని, ఆయన జంక్షన్లో జరిగినవి ఒక్కొక్కటీ తీసేవాడు, ఇది ఆవిడకి చెప్పు, నవ్వుతుంది అనేవాడు. నేను నవ్వేదాన్ని. ఆవిడ కోసం కాస్త మిగిల్చుకో అనేవాడు. వానలు పడ్డాయి, దుమ్ము అణిగింది, జంక్షన్లో తవ్వకాలు అయిపోయాయి. జనానికి దారులు అలవాటై, ఆయన్ని అడిగేవాళ్లు తగ్గారు. ఆ ఎండాకాలం అయిపోయింది.

ఇప్పటికీ చెప్పలేదు. ఇప్పటికీ అడుగుతాడు, ఆవిడ బాగుందా అని. బాగానే ఉందంటే, సరే అని వెళ్లి పడుకుంటాడు. ఇవాళ ఆవిడ మనసేం బాగాలేదంటే మాత్రం స్టూలు నా దగ్గరికి లాక్కుని ఇంకాసేపు కూర్చుంటాడు.